ఆబిడ్స్ సముద్రంలో పచ్చ వెంట్రుకలు

“మిత్రమా వెంకటేశం! ఈ హైదరాబాదు నగరంలో నేరస్థులకు ఇక నిద్ర లేదు. ఎందుకంటావా? డిటెక్టివ్ జనార్దన్ నిద్ర లేచాడు!”

అప్పటికి పొద్దున పదకొండయింది. లేచినవాడు ఇంకా మొహం కడుక్కోలేదు. లుంగీ మీద ఓవర్‌కోటు తొడుక్కుని, నోట్లో వేపపుల్ల పెట్టుకుని, అదేదో చుట్ట అయినట్టు లేని పొగ వదులుతున్నాడు. మే నెలలో హైదరాబాదులో ఓవర్‌కోటు వేసుకునేవాళ్లు ఇద్దరే ఉంటారు. ఒకడు పిచ్చివాడు, రెండోవాడు జనార్దన్. నాంపల్లిలో చాలామంది ఆ ఇద్దరినీ కలిపి ఒకడే అనేవారు.

వెంకటేశానికి ఇదంతా అలవాటే. నాంపల్లి స్టేషన్ వెనక ఒకే ఇంట్లో చెరో గది కిరాయికి తీసుకుని ఆరేళ్లుగా ఉంటున్నారు. వెంకటేశం ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తా. జనార్దన్‌కు స్టేషన్లో, ప్రయాణికులు మరిచిపోయిన సామాన్లు దాచే గదిలో నౌకరీ. అక్కడ ఒకసారి ఒక గొడుగు సొంతదారుణ్ణి కనిపెట్టాడు. ఆ పూట నుంచే డిటెక్టివ్ అయిపోయాడు. గొడుగు పిడి మీద ఆ పెద్దమనిషి పేరూ ఇంటి నంబరూ చెక్కి ఉన్నాయన్న సంగతి మాత్రం తన నోటితో ఎన్నడూ చెప్పడు. ఆ తర్వాత కార్డులు కూడా అచ్చు వేయించాడు. ‘జనార్దన్, డిటెక్టివ్, ప్రపంచంలో నాలుగోవాడు.’

“మొదటి ముగ్గురు ఎవలురా?” అని వెంకటేశం అడిగాడొకసారి.

“వాళ్లు పుస్తకాల్లో ఉన్నారు. బతికున్నవాళ్లలో నేనే మొదటివాణ్ణి.”

అలాంటి మనిషి ముందు, ఆఫీసుకు సెలవున్న ఆ గురువారం, వెంకటేశం నోరు జారాడు. “శ్యామన్న తొట్టిల నీళ్లకు ఏమో అయిందట. నాలుగు చేపలల్ల రెండు సచ్చిపోయినయి. పాపం, మనిషి అన్నం సుత తింటలేడు,” అన్నాడు.

వేపపుల్ల కింద పడింది.

“జంట హత్యలు!” అన్నాడు జనార్దన్. “పద!”

శ్యామ్‌సుందర్ ఫొటో స్టూడియో ఆబిడ్స్‌లో, పెద్ద పోస్టాఫీసు వెనక సందులో, మేడ మీద ఉంది. ఆ సందులో మరో రెండు స్టూడియోలున్నాయి. ఒకదానిలో తాజ్‌మహల్ పరదా, ఇంకోదానిలో విమానం పరదా. శ్యామ్‌సుందర్ దగ్గర మాత్రం అసలు సముద్రమే ఉంది. పరదా కాదు, ఉప్పునీళ్ల సముద్రం. ఆయన బావమరిది రామచందర్ రైలు గార్డు. మద్రాసు డ్యూటీ పడ్డప్పుడల్లా డబ్బాల్లో సముద్రపు నీళ్లు పట్టుకొచ్చి నాంపల్లి స్టేషన్లో దించేవాడు. అలా మోయగా మోయగా దసరాకి ఐదడుగుల గాజుతొట్టి నిండింది. రామేశ్వరం దిక్కు నుంచి పగడపు రాళ్లు వచ్చాయి, నాలుగు చేపలు వచ్చాయి. తొట్టి వెనక జంటను కూర్చోబెట్టి, ముందు నుంచి గాజులోంచి ఫొటో తీస్తే, గౌలిగూడ దాటి ఎరగనివాళ్లు కూడా సముద్రంలో కాపురం పెట్టినట్టు పడేవారు.

ఇక ఆ చేపల సంగతి చెప్పాలి. ఒళ్లంతా కాషాయం రంగు. దాని మీద అడ్డంగా మూడు తెల్లటి పట్టీలు. కాషాయం మీద విభూతి రేఖలు! మనవాళ్లకు ఇంకేం కావాలి? వారం తిరిగేసరికి ‘విభూతి చేపలు’ అని పేరు పడిపోయింది. ముసలమ్మలు చెప్పులు కిందే విడిచి మేడ ఎక్కసాగారు. “అది వాటి తోలు రంగమ్మా,” అని శ్యామ్‌సుందర్ మొత్తుకుంటే, “నీకేం ఎర్క బిడ్డా, నువ్వు ఫొటోలు తీసుకో,” అని తొట్టికి దండం పెట్టి వెళ్లేవారు.

ఇప్పుడు ఆ సముద్రం కళ్లతో చూసేలా లేదు. మొదట గాజు మీద గోధుమరంగు దుమ్ము పట్టింది. తుడిస్తే మర్నాటికి మళ్లీ తయారు. ఆ తర్వాత రాళ్లకు పచ్చటి వెంట్రుకలు మొలిచాయి, బెత్తెడు పొడుగు. ఈ వారంలో వాటి మీద ఎర్రటి జిగురు పొర పరుచుకుంది. రోజూ పొద్దు వాలేదాకా పడమటి కిటికీలోంచి ఎండ తిన్నగా పడీ పడీ, తొట్టి అచ్చం పాలకూర పప్పులా అయింది. మిగిలిన రెండు చేపలూ ఒక మూల నక్కి ఆయాసపడుతున్నాయి.

“ఆదివారం సాయంత్రం దాక గడువు, వెంకటేశం,” అన్నాడు శ్యామ్‌సుందర్. గడ్డం పెరిగి, కళ్లు గుంటలు పడి ఉన్నాడు. “రామచందర్ వస్తడు. అప్పటికి నీళ్లు బాగుపడకుంటే, చేపల్ని డబ్బాల పెట్టుకొని పోయి మళ్ల సముద్రంల ఇడిచిపెడ్తడు. మీ వదినె తెగేసి చెప్పింది.”

“ఔ, చెప్పిన,” అంది లోపలి నుంచి ఆయన భార్య విద్యావతి. ఫొటోలకు రంగులు వేసేది ఆమే. చేతిలో కుంచెతోనే గుమ్మంలోకి వచ్చింది. “పొద్దుగాల లేస్తే గీ తొట్టి ముందర కూసుంటున్నరు. అన్నం లేదు, గిరాకీ ముచ్చట లేదు. అవ్వేమో దినదినానికి సావుకు దగ్గరవడ్తున్నయి. నాతోని కాదు.”

ఆమె లోపలికి వెళ్లాక శ్యామ్‌సుందర్ గొంతు తగ్గించాడు. “నీకు చెప్తే నవ్వుతవు. ఇరవై ఏండ్ల సంది ‘జర నవ్వున్రి, జర నవ్వున్రి’ అని జనాన్ని బతిలాడుకుంట బతికిన. ఈ తొట్టి పెట్టినంక ఒక్కల్ని అడగలే. చేప మొకం ముందర నుంచి పోతె వాళ్లే నవ్వుతరు. అవి పోతే నేను మళ్ల అడుక్కోవాలె.” ఆయన కళ్లు తుడుచుకున్నాడు.

“ఎవరూ కదలకండి!” అని అరిచాడు జనార్దన్.

ఎవరూ కదలలేదు, చేపలు తప్ప. జనార్దన్ బల్ల మీది భూతద్దం లాక్కుని తొట్టిని నాలుగు పక్కలా పరీక్షించాడు. ఐదో పక్క లేదు కాబట్టి ఎదురుగోడను కూడా పరీక్షించాడు.

“గోధుమరంగు పొడి,” అన్నాడు గంభీరంగా. “నశ్యం! నేరస్థుడు నశ్యం పీలుస్తాడు. పచ్చటి వెంట్రుకలు. విగ్గు! అంటే మారువేషంలో వచ్చాడు. ఇక ఈ ఎర్రటిది... మిత్రమా, గుండె దిటవు చేసుకో. ఇది నెత్తురు. పెనుగులాటలో గాయపడ్డాడు.”

“ఎవలతోని పెనుగులాట?” అన్నాడు శ్యామ్‌సుందర్.

“చేపలతో!”

“జనార్దన్, గది నాచు. మూడు తీర్ల నాచు.”

“నాచు అని మనం అనుకోవాలనే నేరస్థుడి పథకం!”

సరిగ్గా అప్పుడే స్టూడియో ఊడ్చే పోశవ్వ చీపురు పట్టుకుని వచ్చింది. వస్తూనే ముక్కులోకి ఒక చిటికెడు నశ్యం ఎక్కించి, మేడ అదిరేట్టు తుమ్మింది. జనార్దన్ కళ్లు మెరిశాయి.

“ఆగు! నీ పేరు?”

“పోశవ్వ. ఇప్పుడే మెట్ల మీద కోటు కాళ్లకు తట్టుకొని పడబోతె పట్టుకున్న గద బిడ్డా, గంతట్లనే మరిచినవా?”

“పచ్చ విగ్గు ఎక్కడ దాచావు?”

“నా నెత్తి సూడు, ముగ్గుబుట్ట లెక్క తెల్లగున్నది. పచ్చది ఏడికెళ్లి వస్తది? కండ్లు కనవడ్తలేవా?”

“అయితే గాయం చూపించు!”

“నాది సూపియ్యాల్నా, నీకు సెయ్యాల్నా?” అని పోశవ్వ చీపురు తిరగేసింది.

అనుమానితుల జాబితాలోంచి డిటెక్టివ్ ఆమెను ఉన్నపళంగా కొట్టేశాడు. రెండడుగులు వెనక్కి వేసి, తొట్టి మూత ఎత్తాడు. మూత అంచుకు శనగగింజంత తెల్లటి ఉండ ఒకటి ఎండి అతుక్కుని ఉంది. దాన్ని గోటితో గీకి, అరచేతిలో పెట్టుకుని, వాసన చూసి, గొంతు వణికించాడు.

“సైనైడ్!”

వెంకటేశం గుండె జారి చెప్పుల్లో పడింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, చేయి తనంతట తానే చొక్కా జేబు మీదికి పోయింది. ఎందుకంటే అది సైనైడ్ కాదు, గోధుమపిండి ఉండ. అది వేసింది అతనే.

ఇందులో అతని తప్పేం లేదు. చైత్రానికి ముందు అతనికి ఆసిఫాబాద్ బదిలీ అవుతుందని ఆఫీసులో పుకారు పుట్టింది. భయపడి, స్టేషన్ ముందర గొడుగు కింద జాతకాలు చెప్పే బిచ్చయ్య దగ్గర కూర్చున్నాడు. “పదహారు శుక్రవారాలు విభూతి చేపలకు ఏడేసి పిండుండలు వెయ్యి,” అన్నాడు బిచ్చయ్య. “ఎవలు సూడొద్దు. ఎవలకు చెప్పొద్దు. చెప్తే ఫలం పోతది.” పదకొండు శుక్రవారాలు గడిచాయి. బదిలీ ఉత్తరం రాలేదు. చేపలకు తిండి పెట్టడం పుణ్యమే కదా, దానికీ నాచుకీ లంకె ఉంటుందని వెంకటేశానికి కల్లో కూడా తోచలేదు. ఇప్పుడు అతని ఫికరల్లా ఒక్కటే. ఈ మొద్దు మొహం గుట్టు రట్టు చేస్తే తను ఆసిఫాబాద్ పోవాలి.

“జనార్దన్, అది... అది సున్నం పెచ్చు కావచ్చు,” అన్నాడు.

“పరీక్షిద్దాం!”

వరండా కమ్మీ మీద ఒక కాకి కూర్చుని ఉంది. ఎడమ రెక్కలో ఒక ఈక లేదు. జనార్దన్ ఉండను దాని ముందు పెట్టి వెనక్కి గెంతాడు. కాకి ఉండను చూసింది, జనార్దన్‌ను చూసింది, మళ్లీ ఉండను చూసి గుటుక్కున మింగింది. అందరూ ఊపిరి బిగపట్టారు. కాకి ముక్కు కమ్మీకి రుద్దుకుని, ఇంకా ఉందా అన్నట్టు మెడ వంచింది.

“సచ్చిపోతలేదు గదరా,” అన్నాడు వెంకటేశం.

“స్లో పాయిజన్!” అన్నాడు జనార్దన్. “మూడు దినాలకు గానీ పని చెయ్యదు. ఎంత క్రూరుడు! ఆదివారం సాయంత్రం ఈ కాకి ప్రాణం విడుస్తుంది. అదే క్షణంలో నేను నేరస్థుడి ముసుగు విప్పుతాను. అందాకా సాక్ష్యం చెదరకూడదు. వేలిముద్రలకు వెలుతురు తగలకూడదు, ఫొటో ఫిల్ము లాగా!”

“వేలిముద్రలు అట్ల చెరిగిపోవు,” అన్నాడు ఫొటోలు తీసే శ్యామ్‌సుందర్.

“మీరు ఫొటోలు తీసుకోండి సార్. నేరం నాకు వదిలెయ్యండి.”

ఫొటోలు కడిగే చీకటిగది కిటికీకి కట్టే దళసరి నల్లగుడ్డ తెప్పించాడు. రెండు మడతలు వేసి తొట్టి నలువైపులా కప్పి, తాడుతో కట్టి, ముడుల మీద లక్క కరిగించి పోసి, ఓవర్‌కోటు గుండీతో ముద్రలు వేశాడు. గాలి మోటరు మాత్రం గుడ్డ కింద బుడగలు వదులుతూనే ఉంది.

“మరి చేపలకు తిండి?” అన్నాడు శ్యామ్‌సుందర్ దిగులుగా.

“ఉపవాసం. సాక్షులకు భోజనం పెట్టే ఆచారం ఏ దేశంలోనూ లేదు.”

శ్యామ్‌సుందర్ ఒప్పుకునేవాడు కాదు. కానీ పది రోజులుగా తను చేసిన ఏ పనీ పారలేదు. మునగబోయేవాడు గడ్డిపోచనైనా పట్టుకుంటాడు. ఆయన చేతికి జనార్దన్ దొరికాడు.

అంతలో కాకి ఎగిరింది. “సాక్షి పారిపోతోంది!” అని జనార్దన్ మెట్లు రెండేసి దిగాడు. వెంకటేశం వెనక పరుగెత్తాడు. ఆబిడ్స్ నడిరోడ్డులో, మిట్టమధ్యాహ్నం, ఓవర్‌కోటు వేసుకున్న మనిషి ఆకాశంకేసి వేలు చూపిస్తూ పరుగెత్తుతుంటే ట్రాఫిక్ జవాను ఈల వేయడం మరిచిపోయాడు. కాకి తీరుబడిగా ఒక మిఠాయి దుకాణం మీద ఆగింది, జిలేబీ ముక్క ఎత్తుకుంది, నాంపల్లి వైపు మళ్లింది. జనార్దన్ ఒక రిక్షాకు గుద్దుకున్నాడు. “అరె, గిదేందిరా భయ్, జర ఆగవే!” అని డిటెక్టివ్ భాష మరిచి కాకిని బతిలాడాడు. చివరికి అది స్టేషన్ కప్పు మీద, సరిగ్గా అతని ఆఫీసు గదికి ఎదురుగా వాలింది.

“చూశావా?” అన్నాడు ఎగశ్వాసతో. “నన్ను చూసి లొంగిపోయింది. ఇక దీని మీంచి నా కన్ను పక్కకు పోదు. తొట్టికి కాపలా నువ్వు.”

“నాకు ఆఫీసుందిరా!”

“న్యాయానికి కూడా ఆఫీసుంది మిత్రమా. ఆదివారాలు కూడా తెరిచే ఉంటుంది.”

అలా శుక్రవారం పొద్దున సెలవు చీటీ పంపించి వెంకటేశం తొట్టి ముందు స్టూలు వేసుకుని కూర్చున్నాడు. జేబులో ఏడు పిండుండలు. అది పన్నెండో శుక్రవారం! చేపలు ఎదురుగా ఉన్నాయి, చుట్టుపక్కల మనిషి లేడు, కానీ లక్క ముద్రలు ఆరున్నాయి. తన మొక్కుకు తనే కాపలా కాస్తున్నాడు. ఆసిఫాబాద్ అడవులు కళ్ల ముందు కదిలాయి.

మధ్యాహ్నం పోశవ్వ వచ్చింది. పిడికిలి బిగించి ఉంది. “బిడ్డా, జర ఆ బట్ట కొస లేపు. కింద ఊడుస్త,” అంది.

“లేపొద్దన్నడు పోశవ్వా.”

“గింతే లేపు. సెయ్యి పట్టేటంత.”

“ఊడ్చేది చీపురుతోని గద, చెయ్యి ఎందుకు?”

పోశవ్వ అతన్ని మిర్రిమిర్రి చూసి, గొణుక్కుంటూ పోయింది. ఆ తర్వాత పెళ్లి కుదరని అబ్బాయి ఒకడు ఫొటో సాకుతో వచ్చాడు. అతని పిడికిలి కూడా బిగించే ఉంది. సాయంత్రం ఉస్మాన్‌గంజ్ బెల్లం వ్యాపారి ఒకాయన వచ్చి, “స్వాముల దర్శనం లేదా?” అని నల్లగుడ్డ చుట్టూ మూడు ప్రదక్షిణలు చేసి, కన్నం దొరక్క వెళ్లిపోయాడు. వెంకటేశానికి ఏదో లీలగా అర్థం కాసాగింది. కానీ అర్థమైందని అనడానికి తన జేబు అడ్డం వచ్చింది.

శనివారం సంజెవేళ విద్యావతి వచ్చింది. అటూ ఇటూ చూసింది. కొంగు చివర ముడి ఉంది, దాన్ని గుప్పిట్లో పట్టుకుంది.

“వెంకటేశం, ఆయన బజార్‌కు పోయిండు. జర గీ ముద్ర ఇప్పు. మళ్ల ఏస్తం.”

“ఎందుకు వదినే?”

“ఎందుకని అడగకు. నీకు పుణ్యముంటది.”

“జనార్దన్ నన్ను చంపుతడు వదినే.”

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. చటుక్కున లోపలికి పోయింది. చేపల్ని పంపించెయ్యమని పట్టుపట్టిన మనిషి ఈమే కదా! కొంగు ముడిలో ఏముంది? ఆ రాత్రే వెంకటేశం జనార్దన్ దగ్గర మళ్లీ నోరు జారాడు. జారగానే నాలుక కరుచుకున్నాడు కానీ, అప్పటికే జనార్దన్ నోటుబుక్కులో ఒక పేరు రాసి మూడు గీతలు గీశాడు.

ఆదివారం సాయంత్రం ఐదింటికి రామచందర్ రెండు ఖాళీ డబ్బాలతో మేడ ఎక్కాడు. గార్డు కోటు విప్పి కొయ్యకు తగిలించాడు. ఆరడుగుల మనిషి, గొంతు విప్పితే ఇంజనుకు వినబడుతుంది. శ్యామ్‌సుందర్ ఆ డబ్బాల వంక చూడలేక కిటికీ వైపు తిరిగాడు. విద్యావతి గోడకు ఆనుకుని నిలబడింది. పోశవ్వ గుమ్మంలో కూర్చుంది.

జనార్దన్ వచ్చాడు. మూడు రోజులు ఎండలో కాకిని కాపు కాసి మొహం కందగడ్డ అయింది.

“కాకి సచ్చిందా?” అన్నాడు వెంకటేశం.

“ఇంకా లేదు. నేను అనుకున్నదానికన్నా స్లో పాయిజన్,” అని, వేలెత్తాడు. “నశ్యం, విగ్గు, నెత్తురు, అన్నీ నన్ను దారి తప్పించడానికి చల్లిన ఎర. ఈ జంట హత్యల వెనక ఒక హస్తం ఉంది. మామూలు హస్తం కాదు, గాజుల హస్తం! ఈ తొట్టి ఖాళీ కావాలని కోరిందెవరు? శనివారం సంజెచీకట్లో ముద్ర విప్పమని నా అనుచరుణ్ణి ప్రలోభపెట్టిందెవరు? విద్యావతిగారూ, మీ కొంగు ముడిలో ఏముందో చెప్తారా, నన్ను చెప్పమంటారా?”

శ్యామ్‌సుందర్ కిటికీ దగ్గర నుంచి గిరుక్కున వెనక్కి తిరిగాడు.

“నోరు జాగ్రత్త, జనార్దన్,” అన్నాడు శ్యామ్‌సుందర్. “నాకు చేపలు పోయినా మంచిదే. ఆమెనంటే మర్యాదుండదు.”

విద్యావతి తల వంచుకుంది. కొంగు గట్టిగా పట్టుకుంది. అది చూసి శ్యామ్‌సుందర్ మొహం పాలిపోయింది. వెంకటేశం ఈ భూమి చీలి తనని మింగితే బాగుండుననుకున్నాడు.

“మా అక్కనా?” అన్నాడు రామచందర్. ఒకే ఒక అడుగు ముందుకు వేశాడు.

ఆ ఒక్క అడుగు చాలింది. ప్రపంచంలో నాలుగోవాడు మూడు అడుగులు వెనక్కి వేశాడు. కోటు అంచు తొట్టికి కట్టిన తాడులో చిక్కుకుంది. “వామ్మో!” అని వెల్లకిలా పడ్డాడు. పడుతూ పడుతూ తాడునూ, ఆరు లక్క ముద్రలనూ, రెండు మడతల నల్లగుడ్డనూ తనతో పాటు నేలకు లాక్కుపోయాడు.

తొట్టి బయటపడింది.

నీళ్లు గాజులా తేటగా ఉన్నాయి. ఎర్రటి జిగురు జాడ లేదు. రాళ్ల మీది పచ్చ వెంట్రుకలు పాలిపోయి, వాడిన గడ్డిలా వాలిపోయాయి. రెండు విభూతి చేపలూ మూలలోంచి బయటికి వచ్చి, తోకలాడించుకుంటూ గాజు దగ్గరికి ఈదుకొచ్చాయి.

శ్యామ్‌సుందర్ మోకాళ్ల మీద కూలబడి రెండు అరచేతులూ గాజుకు ఆనించాడు.

“బావా!” అన్నాడు రామచందర్. “గీ వైద్యం నీకెవలు చెప్పిన్రు? రామేశ్వరం దిక్కు చేపల ఆఫీసుల ఒకాయనను అడిగొచ్చిన, నీకు చెప్దామని. మూడు దినాలు చీకట్ల పెట్టు, తిండి బందు చెయ్యి అన్నడు. నాచుకు రెండే కావాలెనట, ఎండ, ఎరువు. గోధుమరంగుదాని ఫికర్ లేదట, కొత్త నీళ్లు పోసినప్పుడల్లా వస్తది, పోతది. పచ్చదేమో ఎండకు బలిసేది. ఎర్రది వచ్చిందంటే నీళ్లల్ల తిండి కుళ్లుతున్నదని లెక్క అన్నడు. నువ్వప్పుడే చేసి కూసున్నవ్!”

నేల మీది నల్లగుడ్డలోంచి ఒక తల బయటికి వచ్చింది. “నేనే చేశాను,” అంది. “మొదటి నుంచీ నా పథకం ఇదే.”

దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. రామచందర్ చొక్కా చేయి మడిచి, తొట్టిలో చేయి పెట్టి, ఒక రాయి వెనక నుంచి గుప్పెడు తీశాడు. తెల్లగా, మెత్తగా, పులిసిన వాసన.

“పిండి! శేరు పిండి ఉంటది గీడ. బావా, నువ్వు చేపల్ని సాదుతున్నవా, దోశెల కొట్టు పెట్టినవా? ఎవలేసిన్రు గిది?”

పోశవ్వ నశ్యం డబ్బీ తీసి, మళ్లీ మూసింది.

“నేనే, బిడ్డా,” అంది చివరికి. “మా మనుమరాలికి కాన్పు మంచిగ కావాలెనని. సోమారం సోమారం తొమ్మిది. బిచ్చయ్య చెప్పిండు.”

“నీకు సుత బిచ్చయ్యేనా!” అని వెంకటేశం నోట్లోంచి ఊడిపడింది. ఇక దాచి లాభం లేదు. జేబులోంచి ఏడు ఉండలు తీసి బల్ల మీద పెట్టాడు. “శ్యామన్నా, నన్ను మాఫ్ చెయ్యి. నేను సుత వేసిన. బెల్లం సేటు వేసిండు, ఆ పెళ్లి పిలగాడు వేసిండు. నాకు తెలిసి సగం నాంపల్లి వేసింది.” తలెత్తి చెప్పేశాక గుండె తేలికైంది. ఆసిఫాబాద్ అయితే ఆసిఫాబాద్, అక్కడా మనుషులే ఉంటారు.

“నేను ముందే చెప్పాను,” అన్నాడు జనార్దన్ లేచి దులుపుకుంటూ. “స్లో పాయిజన్.”

ఈసారి మాత్రం ఎవరూ కాదనలేకపోయారు.

అప్పుడు విద్యావతి గోడ దగ్గర నుంచి కదిలింది. భర్త ముందుకొచ్చి, కొంగు ముడి విప్పింది. అందులో ఇరవై ఒక్క పిండుండలు, అన్నీ ఒక్క కొలతగా, ముత్యాల్లా చేసినవి.

“దినాం ఏసిన,” అంది. “పది దినాల సంది, పొద్దుగాల మీరు లేవకముందు.”

“నువ్వా?” అన్నాడు శ్యామ్‌సుందర్. “దేనికి?”

ఆమె తల దించుకుంది. “చెప్తే ఫలం పోతదన్నడు బిచ్చయ్య. పోతే పోనీ. నీళ్లు బాగుపడాలె, చేపలు బతకాలె అని మొక్కిన. నాచు ఎక్కువైతున్నకొద్ది ఉండలు ఎక్కువ చేసిన.”

“మరి పంపించెయ్యమని లొల్లి పెట్టినవ్ గద?”

“మీ కండ్ల ముందర సచ్చిపోతే మీరు తట్టుకోరు. సముద్రంల ఉంటే ఏడనో ఒక దగ్గర బతికున్నయని అనుకోవచ్చు గద. నాకు చేపలు గావాల్నా? మీరు నవ్వాలె, గంతే.”

రామచందర్ ఖాళీ డబ్బాలు రెండూ ఎత్తి చప్పుడు కాకుండా గుమ్మం బయట పెట్టాడు. పోశవ్వ ముక్కు చీదింది, ఈసారి నశ్యం లేకుండానే. జనార్దన్ ఏదో ఉపన్యాసం మొదలుపెట్టబోయాడు కానీ, వెంకటేశం అతని నోటికి ఓవర్‌కోటు చేయి అడ్డం పెట్టాడు.

శ్యామ్‌సుందర్ భార్య అరచేతిలోకి చూశాడు. ఇక అవి తొట్టిలో వెయ్యడానికి లేదు. మొక్కిన మొక్కు పారెయ్యడానికీ లేదు. ఒక ఉండ తీసుకుని నోట్లో వేసుకున్నాడు. నమిలాడు. ఆయన కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి, పెదాలేమో నవ్వుతున్నాయి.

“ఉప్పు లేదు, విద్యా,” అన్నాడు.

“సముద్రంల ఏసేటియి,” అంది ఆమె. “ఉప్పెందుకు?”